నొప్పి పద్దు

(వార్షిక సర్వసభ్య సమావేశంలో వైద్య సహాయ కమిటీ తరఫున చదివిన ప్రసంగ పాఠం)



వైద్య సహాయం లెక్కలు చదివినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తూనే ఉంది. ఈసారి ఒక పెద్దాయన సూటిగానే అడిగారు. “ఆపరేషన్‌కు సాయం చేశారు, బాగుంది. ఆ తర్వాత మూడు వారాల నొప్పి మాత్రలు, ఫిజియోథెరపీ, నెల్లూరుకు పోనురాను కిరాయి, ఇవన్నీ మన పద్దులో ఎందుకు? నొప్పి ఎవరికి లేదు భాయ్?” అన్నారు. అడగవలసిన ప్రశ్నే. దాత ఇచ్చిన రూపాయికి లెక్క చెప్పడం మా బాధ్యత. అయితే ఈ లెక్క రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే అధ్యక్షులవారిని ఒక అరగంట అడిగి తీసుకున్నాం.

మేం డాక్టర్లం కాదు. మాలో ఒకరు నర్సుగా చేసి రిటైరయ్యారు, ఒకరిది మందుల షాపు, మిగతావాళ్లం టీచర్లం, చిన్న వ్యాపారాలవాళ్లం. రోగులను వెంటబెట్టుకుని గూడూరుకూ నెల్లూరుకూ తిరగడమే మా పని. తెలియనిది డాక్టర్లను అడిగాం, చదవగలిగినది చదివాం. అర్థమైనది ఇదీ: దెబ్బ తగిలేది ఒంటికైనా, నొప్పి తయారయ్యేది మెదడులో. కొత్తగా వచ్చిన నొప్పిని అప్పుడే చూసుకుంటే చాలావరకు వచ్చిన దారినే పోతుంది. నెలల తరబడి వదిలేస్తే మెదడు నిర్మాణంలోనే తేడా కనిపిస్తుంది. ఈ మాటకు ఆధారమేమిటో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెబుతాం.

ముందు మాటల సంగతి. మన ఇళ్లలో నొప్పికి ఎన్ని మాటలున్నాయో చూడండి. పంటికి పోటు, పుండుకు సలుపు, కాలినచోట మంట, పక్కటెముకల్లో కుట్టు, పిక్కల్లో లాగుడు, కీళ్లలో తీపులు. ఇంట్లో దర్ద్ అని మొదలుపెట్టినా డాక్టరు ముందు తెలుగులోనే విడమరిచి చెప్పుకుంటాం. ఈ తేడాలు ఊరికే పుట్టినవి కావు. వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా తన ‘అల్ ఖానూన్’ వైద్య గ్రంథంలో నొప్పులను పదిహేను రకాలుగా విడదీశాడు. 1975లో రొనాల్డ్ మెల్జాక్ అనే కెనడా శాస్త్రవేత్త, రోగులు తమ నొప్పికి వాడే మాటలనే ఏరి ఒక ప్రశ్నపత్రంగా కూర్చాడు. దాన్ని ఇవాళ్టికీ వాడుతున్నారు. అందుకే రోగితో వెళ్లినప్పుడు మేం “నొప్పి అని ఊరుకోవద్దు, పోటా, సలుపా, మంటా, తిమ్మిరా చెప్పమ్మా” అంటాం. మంటగా ఉందంటే, కరెంటు కొట్టినట్టుందంటే, అది నరానికి సంబంధించినది కావచ్చని డాక్టరు వేరే మందు ఆలోచిస్తారు.

చీకట్లో గడపకు కాలి వేలు తగిలిందనుకోండి. ముందు చురుక్కుమంటుంది. కాలు పట్టుకుని కూర్చునేలోపు రెండోది మొదలవుతుంది, మంటగా, సలుపుగా, కడుపులో తిప్పినట్టుగా. ఇవి రెండూ వేర్వేరు నరాల పోగుల మీద వచ్చే కబుర్లు. మొదటి రకం పోగులకు సన్నటి కొవ్వు పొర ఉంటుంది కాబట్టి కబురు సెకనుకు పది, ఇరవై మీటర్ల వేగంతో పరుగెడుతుంది. రెండో రకానికి ఆ పొర లేదు. సెకనుకు మీటరు అటూఇటుగా నడుస్తుంది. కాలి వేలి నుంచి తల దాకా రావడానికి ఒక క్షణం ఆలస్యమయ్యేది అందుకే. మొదటిది కాలు వెనక్కి లాక్కోమని చెప్పేది. రెండోది ఆ కాలును కొన్నాళ్లు జాగ్రత్తగా చూసుకోమని చెప్పేది. రెండూ అవసరమే. పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లలు లోకంలో ఎక్కడో అరుదుగా పుడుతుంటారు. వాళ్లు నాలుక కొరుక్కుంటారు, విరిగిన కాలితోనే నడుస్తారు, పాపం ఎక్కువకాలం క్షేమంగా ఉండరు. కాబట్టి నొప్పిని శత్రువనడం మా ఉద్దేశం కాదు. దాని పని అయిపోయాక కూడా పోకుండా కూర్చోవడమే చిక్కు.

ఈ రెండు రకాల పోగులూ వెన్నుపాములోకి వస్తాయి. అక్కడ ఒక ద్వారం లాంటి ఏర్పాటు ఉందని 1965లో మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అనే ఇద్దరు రాశారు. స్పర్శ కబుర్లు ఎక్కువగా వస్తే నొప్పి కబురుకు ఆ ద్వారం కొంత మూసుకుంటుంది. దెబ్బ తగిలిన పిల్లవాడికి అమ్మీ చేత్తో రుద్దుతుంది చూడండి, ఆ రుద్దడంలో ఉన్న పస ఇదే. వాళ్ల సిద్ధాంతంలో కొన్ని వివరాలు తర్వాత మారాయి గానీ అసలు సంగతి నిలబడింది. వెన్నుపాము నుంచి కబురు పైకెక్కి మెదడు నడుమ ఉన్న థాలమస్‌కు, అక్కడి నుంచి పలుచోట్లకు చేరుతుంది. ఒకచోట ఎక్కడ తగిలింది, ఎంత గట్టిగా తగిలింది అనేది తేలుతుంది. ఇన్సులా, సింగ్యులేట్ అనే భాగాల్లో అది ఎంత బాధాకరమో తేలుతుంది. నుదుటి వెనుక ఉన్న భాగం దానికి అర్థం వెతుకుతుంది. నొప్పి గది అని వేరే గది మెదడులో లేదు. ఎన్నో గదులు ఒకేసారి మేలుకుంటేనే నొప్పి.

ఇందులో ఒక వింత ఉంది. ఒంట్లోని నొప్పినంతా అనుభవించే మెదడుకు తన మీద కత్తి పడితే నొప్పి తెలియదు. నొప్పిని పసిగట్టే పోగులు మెదడు కండలో లేవు. పైనున్న చర్మానికీ, మెదడు కప్పుకున్న పొరకూ ఉంటాయి కాబట్టి అక్కడ మత్తు సూది వేస్తారు. 2017లో గుంటూరులో ఒక నర్సమ్మకు మెదడు గడ్డ తీస్తూ ఆమెకు బాహుబలి సినిమా చూపించారని పేపర్లలో వచ్చింది, మీలో చాలామంది చదివే ఉంటారు. 2022లో సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒక పెద్దావిడకు చిరంజీవి ‘అడవి దొంగ’ చూపిస్తూ చేశారు. అది సరదాకు చేసినది కాదు. రోగి మాట్లాడుతూ ఉంటే, మాటకూ కదలికకూ సంబంధించిన భాగాలను కత్తి తాకకుండా డాక్టర్లు చూసుకోగలుగుతారు.

నొప్పి మెదడులో తయారవుతుందంటే అది ఉత్తుత్తిదని కాదు. ఈ అపార్థం మన ఇళ్లలో చాలా ఉంది, ఆడవాళ్ల విషయంలో మరీ. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీలోని ఆంజియో దగ్గర హెన్రీ బీచర్ అనే అమెరికా వైద్యుడు పెద్ద గాయాలతో వచ్చిన సైనికులను అడిగి చూశాడు. మందు కావాల్సినంత నొప్పి ఉందన్నవారు నలుగురిలో ఒక్కరే. తర్వాత ఊళ్లో మామూలు ఆపరేషన్లయినవారిని అడిగితే మందు కావాలన్నవారు నూటికి ఎనభై మందికి పైనే. గాయాలు సైనికులవే పెద్దవి. కానీ సైనికుడికి ఆ గాయం యుద్ధం నుంచి ఇంటికి పోయే దారి. మామూలు మనిషికి అదే కష్టాల మొదలు. మెదడు నుంచి కిందికి వచ్చి నొప్పి కబురును అణచే దారి కూడా ఒంట్లో ఉంది. దానికి వాడే మందు కూడా ఒంట్లోనే తయారవుతుంది. 1975లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అనే శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. అది నల్లమందులా పనిచేసే పదార్థం, మన మెదడే చేసుకునేది. భయం, ఒంటరితనం, నిద్ర లేకపోవడం, రేపు ఇల్లెలా గడుస్తుందన్న దిగులు, ఇవన్నీ నొప్పిని పెంచుతాయి. ధైర్యం చెప్పే మనిషి పక్కనుంటే తగ్గుతుంది. రోగితో మేం మనిషిని పంపేది చీటీలు రాయించడానికి మాత్రమే కాదు.

ఇక అసలు విషయానికి వస్తాం. కొత్త నొప్పి మెదడు నిర్మాణాన్ని మారుస్తుందా?

జర్మనీలో కొందరు ఆరోగ్యవంతుల చేతి మీద రోజుకు 20 నిమిషాల చొప్పున ఎనిమిది రోజులు వేడితో నొప్పి పుట్టించి, ముందూ తర్వాతా స్కాన్ తీశారు. 2008లో ఫలితం వచ్చింది. నొప్పికి సంబంధించిన కొన్ని భాగాల్లో బూడిదరంగు పదార్థం, అంటే నరకణాలుండే భాగం, కొద్దిగా పెరిగింది. ఏడాది తర్వాత చూస్తే మళ్లీ మామూలుకు వచ్చింది. అంటే ఎనిమిది రోజుల నొప్పికే మెదడు కొంత సర్దుకుంటుంది, నొప్పి పోతే తిరిగి సర్దుకుంటుంది. కాబట్టి రెండు రోజులు పన్ను పోటు వస్తే మెదడు పాడైపోతుందని ఎవరూ భయపడనక్కర్లేదు.

మొండి నొప్పిది వేరే కథ. 2004లో అమెరికాలో ఆప్కేరియన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి నడుము నొప్పితో ఉన్న 26 మందిని, నొప్పి లేనివారితో పోల్చాడు. నొప్పి ఉన్నవారి మెదడు పై పొరలో బూడిదరంగు పదార్థం 5 నుంచి 11 శాతం తక్కువగా ఉంది. మామూలుగా 10, 20 ఏళ్ల వయసు పైబడితే తగ్గేంత. ఆ తర్వాత ఇదే బృందం ఇంకో మంచి పని చేసింది. నడుము నొప్పి కొత్తగా వచ్చి కొన్ని వారాలే అయినవారిని తీసుకుని ఏడాది పాటు వెంటపడి చూసింది. 2012లో ఆ వివరాలు వచ్చాయి. కొందరికి నొప్పి తగ్గిపోయింది, కొందరికి ఉండిపోయింది. ఉండిపోయినవారిలోనే బూడిదరంగు పదార్థం తగ్గుతూ వచ్చింది. ఎవరికి ఉండిపోతుందన్నది నడుము కన్నా మెదడులోని రెండు భాగాలు మొదటి నుంచీ ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాయన్న దానిని బట్టి ముందే చాలావరకు తెలిసింది. ఆ భాగాల్లో ఒకటి నుదుటి వెనుకది, రెండోది దేన్ని ఇష్టపడాలో దేనికి భయపడాలో నేర్చుకునేది. నొప్పి కూడా మెదడు నేర్చుకునే ఒక పాఠం లాంటిదని ఆ శాస్త్రవేత్తలు అంటారు. కొత్తగా ఉన్నప్పుడు మరిపించడం తేలిక.

మొండి నొప్పి ఉన్నవారికి కూడా దారి మూసుకుపోలేదు. తుంటి కీలు అరిగి ఏళ్లుగా బాధపడుతున్నవారికి కీలు మార్చే ఆపరేషన్ చేసి, నొప్పి పూర్తిగా పోయినవారి మెదడును మళ్లీ స్కాన్ చేస్తే తగ్గిన బూడిదరంగు పదార్థం తిరిగి పెరగడం కనిపించింది. అదీ జర్మనీలోనే, 2009లో. మాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చిన సంగతి ఇదే. తగ్గినది కణాలు చచ్చిపోయి తగ్గినది కాదన్నమాట, కనీసం అంతా కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇవి కొద్దిమంది మీద చేసిన పరిశోధనలు. స్కాన్‌లో కనిపించే తేడా నొప్పి వల్లే వచ్చిందా, కదలకుండా పడుకోవడం వల్లా, దిగులు వల్లా, వాడిన మందుల వల్లా అని పూర్తిగా విడదీయలేరు. ఇంకో విషయం, 116 మంది ఆరోగ్యవంతుల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే వేడికి ఎక్కువ నొప్పి పడేవారికి మెదడులో కొన్నిచోట్ల బూడిదరంగు పదార్థం ముందే తక్కువగా ఉన్నట్టు తేలింది. అంటే ఒకే సూదికి ఒకరు కేక పెట్టి, ఇంకొకరు ఊరకుండటం ధైర్యం పిరికితనాల సంగతి కాదు, పుట్టుకలోనే తేడా ఉండవచ్చు. ఏ స్కానూ ఫలానా మనిషికి నొప్పి ఉందనీ లేదనీ తేల్చలేదు. నొప్పి ఉందని రుజువు చేసుకోవడానికి మెదడు స్కాన్‌కు డబ్బు కావాలని ఎవరైనా అడిగితే మేం ఇవ్వం. వాళ్ల మాటే మాకు రుజువు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించుకున్నప్పుడు, తనకు నొప్పి అని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని అందులో స్పష్టంగా చేర్చింది.

ఇదంతా మన ఊరికి ఎలా వర్తిస్తుందో చూడండి. బేల్దారి పనికి పోయే మనిషికి నడుము పట్టేస్తుంది. పని మానితే కూలి లేదు కాబట్టి పట్టీ కట్టుకుని పోతాడు. నెల తర్వాత మెడికల్ షాపులో నాలుగు రంగుల మాత్రలు ఒక కాగితంలో చుట్టి ఇస్తే మింగుతాడు. అందులో ఏముందో ఆయనకు తెలియదు. ఒక్కోసారి స్టెరాయిడ్ ఉంటుంది, ఒక్కోసారి కిడ్నీని దెబ్బతీసే మోతాదులో నొప్పి మాత్ర ఉంటుంది. మా కమిటీలోని మందుల షాపు ఆయనే ఈ మాట గట్టిగా చెప్పమన్నారు. ఆరు నెలలకు ఆ మనిషి మా దగ్గరకు వచ్చేసరికి ఆపరేషన్ చీటీతో వస్తాడు. మొదటి మూడు వారాల్లో సరైన డాక్టరు, సరైన మాత్ర, కదిలించే వ్యాయామం, కాస్త కూలి ఆసరా దొరికి ఉంటే చాలామందికి ఆ చీటీ అవసరం రాదు. లెక్క వేసి చూస్తే ఏది చౌకో దాతలకు మేం చెప్పనక్కర్లేదు.

ఆపరేషన్ తర్వాత కూడా ఇదే. గజ్జల్లో హెర్నియా, ఛాతీ, రొమ్ము, కాలు తీసేయడం వంటి ఆపరేషన్లలో నూటికి పది నుంచి యాభై మందికి గాయం మానినా నొప్పి మిగులుతుందని వైద్య పత్రికల్లో ఉంది, ఆపరేషన్‌ను బట్టి మారుతుంది. మొదటి రోజుల్లో నొప్పి ఎంత తీవ్రంగా ఉంటే అది మిగిలే ప్రమాదం అంత ఎక్కువ. అలాగే అక్కి. నడుము చుట్టూ పొక్కులు లేస్తే జాజుతో అక్కి రాయించుకుని ఊరుకునేవారు మన చుట్టూ ఇప్పటికీ ఉన్నారు. రాయించుకోండి, మేం కాదనం. కానీ వైరస్ మందు పొక్కులు లేచిన 72 గంటల్లో మొదలుపెట్టాలి. పొక్కులు మాడిపోయాక నెలల తరబడి చొక్కా తగిలినా మంటెత్తే నొప్పి ముసలివాళ్లకు ఎక్కువగా మిగులుతుంది. అప్పుడు వాళ్లు చర్మం చూపిస్తే అక్కడేమీ ఉండదు, ఇంట్లోవాళ్లు నటన అంటారు.

షుగర్ వల్ల కాలు పోగొట్టుకున్నవారి విషయం ఇంకా విచిత్రం. లేని కాలి వేళ్లు పీకుతున్నాయంటారు. మెదడులో ఆ కాలికి కేటాయించిన చోటు అలాగే ఉంటుంది. తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ అనే శాస్త్రవేత్త 1990లలో ఇలాంటివారికి ఒక అద్దం చికిత్స కనిపెట్టాడు. ఉన్న చేతిని అద్దంలో చూస్తూ కదిలిస్తే లేని చెయ్యి కదిలినట్టు కళ్లు మెదడుకు చెబుతాయి. కాలికీ అలాగే. అందరికీ పనిచేయదు, కొందరికి బాగా పనిచేస్తుంది. ఒక నిలువుటద్దం ఖర్చెంత? కృత్రిమ కాలు ఇప్పించినప్పుడు దానితోపాటు అద్దం కూడా ఇద్దామని మా ప్రతిపాదన.

నొప్పి కోసం దాత డబ్బు ఖర్చు కావడం మన తెలుగు నేలకు కొత్త కాదు. అమెరికాలో 1846లో ఈథర్‌తో, మరుసటి ఏడాది స్కాట్లాండ్‌లో క్లోరోఫాంతో నొప్పి లేని ఆపరేషన్లు మొదలయ్యాయి. అయితే క్లోరోఫాం ఇస్తున్నప్పుడు కొందరు బల్ల మీదే చనిపోయేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా? దీనిమీద పెద్ద తగవు. హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్‌గా, మెడికల్ స్కూలు పెద్దగా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముందు ఆగుతుందని పట్టుబట్టాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ ఖర్చుతో 1888లో ఒక కమిషన్ వేశారు. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి అని నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇస్తామంది. 1889లో లాడర్ బ్రంటన్ అనే పేరున్న వైద్యుడు ఓడెక్కి వచ్చాడు, రెండో కమిషన్ కూర్చుంది. వందలాది జంతువుల మీద పరీక్షలు చేసి లారీ మాటే నిజమన్నారు. ఆ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చాలామంది చెప్పుకుంటారు.

ఇక్కడ కథ అయిపోలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు, మత్తు పలుచగా ఉన్నప్పుడు క్లోరోఫాం గుండె లయనే తప్పించి ఆపేయగలదని రుజువు చేశాడు. లారీ మాట సగమే నిజం. నిజాం డబ్బు వృథా అయిందా? మేం అనుకోం. ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న పాఠం నేటికీ ప్రతి మత్తు డాక్టరూ పాటించేదే. పరీక్షల వివరాలన్నీ అచ్చులో పెట్టారు కాబట్టే తర్వాతివాళ్లు తప్పు ఎక్కడుందో వెతకగలిగారు. డబ్బిచ్చినవాడు తనకు నచ్చిన జవాబే కావాలని పట్టుబట్టకుండా, నమ్మనివాడినే రప్పించి చూపించడం మాకు నచ్చింది.

ఇక చివరి విషయం. దీనికోసమే ఇంతసేపు తీసుకున్నాం. మన ఉచిత ఖత్నా శిబిరం.

1980ల దాకా పసిపిల్లలకు నొప్పి సరిగా తెలియదని పెద్ద దేశాల్లో సైతం చాలామంది వైద్యులు నమ్మేవారు. కదలకుండా మందిచ్చి, తగినంత మత్తు లేకుండానే పురిటి బిడ్డలకు ఆపరేషన్లు చేసేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన మన దేశపు వైద్యుడు కె.జె.ఎస్. ఆనంద్ 1987లో దీన్ని తలకిందులు చేశాడు. నెలలు నిండని బిడ్డలకు గుండె దగ్గరి ఆపరేషన్‌లో గట్టి నొప్పి మందు కూడా ఇస్తే వాళ్ల ఒంట్లో ఒత్తిడి తగ్గి, తర్వాత వచ్చే చిక్కులు కూడా తగ్గాయని చూపించాడు. తర్వాత 1997లో కెనడాలోని టొరంటోలో 87 మంది మగబిడ్డలను చూశారు. కొందరికి సున్తీ జరగలేదు, కొందరికి మత్తు లేపనం రాసి చేశారు, కొందరికి అది లేకుండా చేశారు. నాలుగు, ఆరు నెలల వయసులో టీకా సూది వేసినప్పుడు లేపనం లేకుండా సున్తీ అయిన బిడ్డలు అందరికన్నా ఎక్కువ ఏడ్చారు. లేపనం రాసినవారు వాళ్లకన్నా తక్కువ. మాటలు రాని బిడ్డ, జ్ఞాపకం ఉండదనుకున్న బిడ్డ, నెలల తర్వాత ఇంకో సూదికి అంత ఏడ్చాడంటే ఆ నొప్పి లోపల ఎక్కడో గుర్తుండిపోయిందనే కదా. వాళ్లు పురిటి బిడ్డలు, మన శిబిరానికి వచ్చేవాళ్లు కాస్త పెద్దపిల్లలు, అంతా అచ్చంగా అలాగే జరుగుతుందని మేం అనడం లేదు. కానీ ఆరేడేళ్ల పిల్లవాడికి జ్ఞాపకం ఉండదని ఈ సభలో ఎవరూ అనరు. మీలో ఎందరికి మీ ఖత్నా రోజు గుర్తుందో చేతులెత్తమంటే మాకు తెలుసు జవాబు.

ఖత్నా మన సున్నత్. దాన్ని గురించి రెండో మాట లేదు. మేం మాట్లాడేది అది జరిగే పద్ధతి గురించి. మత్తు సూది వేసిన వెంటనే కత్తెర పట్టకూడదు. మొద్దుబారేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి, గిల్లి చూడాలి, పిల్లవాడికి తెలియడం లేదని నిర్ధారించుకోవాలి. మందు మోతాదు బిడ్డ బరువును బట్టి, అందుకే ముందు తూకం వేయాలి. ఆ కుటుంబంలో రక్తం త్వరగా కట్టనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగాలి. వరుసలో ఉన్న పిల్లలకు లోపలి ఏడుపు వినపడకూడదు. భయంతో లోపలికొచ్చిన బిడ్డకు నొప్పి ఎక్కువవుతుందని ఇందాక సైనికుల లెక్కలో చూశాం. సూది దిగిపోయాక రెండు రోజులకు సరిపడా సిరప్ ఇంటికి ఇచ్చి పంపాలి, ఎన్ని గంటలకోసారి ఎంత పట్టాలో తల్లికి చెప్పి, రాసి ఇవ్వాలి. సబర్ చేయమని పెద్దవాడికి చెప్పవచ్చు. మందు ఉండగా పసివాణ్ణి నొప్పిలో ఉంచడం సబర్ లెక్కలోకి రాదని మేం అనుకుంటున్నాం. అది ఏ నిధిలోంచి ఖర్చు పెట్టాలి, జకాతా, సదఖానా అన్నది ఉలమాలు చెప్పినట్టు చేద్దాం.

ఇలా చేస్తే ఒక్కరోజులో అందరికీ అవదు. డాక్టరుగారు తేల్చి చెప్పారు, తొందరపెడితే తాను చేయనన్నారు. కాబట్టి ఈ వేసవి శిబిరాన్ని రెండు రోజులు చేయాలని కమిటీ తీర్మానం. రెండో రోజుకు మళ్లీ డాక్టరు, నర్సులు, మందులు, షామియానా, వాకాడు పక్క నుంచి వచ్చే కుటుంబాలకు భోజనం, రానుపోను ఆటోలు కావాలి. మొదటి రోజు ఖర్చు ఎప్పటిలాగే సొసైటీ నిధి నుంచి వస్తుంది. రెండో రోజుకు దాతలు కావాలి. మందుల ఖర్చు ఒకరు ఇప్పటికే ఒప్పుకున్నారు, పేరు చెప్పవద్దన్నారు. మిగతావాటికి ముందుకొచ్చేవారు అసర్ నమాజు తర్వాత కోశాధికారిగారి బల్ల దగ్గర రాయించండి. పిల్లల పేర్లు రాయించే తల్లిదండ్రులు బిడ్డ వయసు, బరువు కూడా చెప్పాలి. తూకం యంత్రం అక్కడే ఉంది.